ఎదిగే పిల్లలకు కాంపౌండ్ విల్లు: తక్కువ ఖర్చులో తగిన ఎంపిక

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండ్ విలువిద్యలోని ఐదు స్వర్ణ పతకాలూ భారతదేశానికే దక్కాయి. వాటిలో మూడింట విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖకు భాగముంది. నాగపూర్‌కు చెందిన ఓజస్ దేవ్‌తలే కూడా మూడు స్వర్ణాలు గెలుచుకున్నాడు. అదే సంవత్సరం బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో సతారా బాలిక అదితి స్వామి 17 ఏళ్ల వయసులోనే జగజ్జేతగా నిలిచింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ తొలిసారిగా చేరుతున్నది. ఈ వార్తలు విని విల్లు పట్టాలని ముచ్చటపడే పిల్లలు పొరుగు రాష్ట్రాల నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ ఉన్నారు.

ముచ్చట పిల్లలది, ఖర్చు తల్లిదండ్రులది. పోటీస్థాయి విదేశీ విల్లు ఒక్కటే లక్ష రూపాయలు దాటుతుంది. అప్పుచేసి కొన్న విల్లు పిల్లల చేతికి పొడవు కావచ్చు, భుజానికి బరువు కావచ్చు, లేదా ఏడాది తిరిగేసరికి పొట్టి కావచ్చు. అటువంటి విల్లు చివరకు అటక మీదికి చేరుతుంది. పిల్లల ఉత్సాహమూ దానితోపాటే అటకెక్కుతుంది. అందువల్ల కొనుగోలులో మొదట చూడవలసినది పేరూ కాదు, వేగమూ కాదు. విల్లు ఇవాళ బిడ్డ శరీరానికి సరిపోవాలి, రెండు మూడేళ్ల ఎదుగుదలకు చోటివ్వాలి, బాణాలకూ శిక్షణకూ కొంత సొమ్ము మిగల్చాలి. ఈ మూడు షరతులూ తీర్చే విల్లే తక్కువ ధర విల్లు.

కాంపౌండ్ విల్లు ప్రత్యేకత

కాంపౌండ్ విల్లును అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ రూపొందించాడు. దానికి 1969లో పేటెంటు లభించింది. మామూలు వింటిలో నారిని లాగేకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. కాంపౌండ్ వింటిలో రెండు కొమ్ముల చివరలా క్యామ్ అనే చక్రాలు ఉంటాయి. సగం దూరం లాగేవరకు బరువు గరిష్ఠంగా ఉండి, ఆపైన చక్రం తిరిగిపోయి భారం ఒక్కసారిగా తగ్గుతుంది. ఈ తగ్గుదలను లెట్ ఆఫ్ అంటారు. 40 పౌండ్ల విల్లుకు 70 శాతం లెట్ ఆఫ్ ఉంటే, పూర్తిగా లాగిన తరువాత చేతిలో నిలిచేది 12 పౌండ్లు మాత్రమే, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. గురి చూసేందుకు కావలసిన నిలకడ అక్కడే దొరుకుతుంది.

అయితే ఆ 12 పౌండ్లకు చేరాలంటే ముందు 40 పౌండ్ల గట్టు దాటవలసిందే. పిల్లల భుజాలు దెబ్బతినేది సాధారణంగా ఆ గట్టు దగ్గరే.

కొనడానికి ముందు కొన్ని నెలలు

విల్లు కొనడం విలువిద్యలో మొదటి మెట్టు కాదు. మొదటి కొన్ని నెలలు శిక్షణ కేంద్రంలో ఉన్న వింటితోనే సాధన చేయించడం మేలు. ఆ వ్యవధిలో రెండు విషయాలు తేలుతాయి. పిల్లలకు ఈ ఆటపై ఆసక్తి నిలుస్తుందా లేదా అన్నది ఒకటి. వారికి ఏ విభాగం నప్పుతుందన్నది రెండవది. మన దేశంలో వెదురు వింటితో సాగే ఇండియన్ రౌండ్, ఒలింపిక్స్‌లో చిరకాలంగా ఉన్న రికర్వ్, కాంపౌండ్ అని మూడు విభాగాలలో పోటీలు జరుగుతాయి. వీటిలో వెదురు విల్లు అన్నిటికన్నా చౌక. నిలుచునే తీరు, భుజాల అమరిక, ఊపిరి పట్టు దానిమీద నేర్చుకున్నా వృథా పోవు.

శిక్షణ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు అది ఆయా రాష్ట్ర ఆర్చరీ సంఘంతోనో, జిల్లా సంఘంతోనో అనుబంధం కలిగి ఉన్నదో లేదో విచారించాలి. దేశస్థాయిలో ఈ క్రీడను 1973లో ఏర్పడిన ఆర్చరీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తున్నది. ఒక రాష్ట్రంలో నివసిస్తూ మరొక రాష్ట్రపు ధ్రువపత్రాలు కలిగిన కుటుంబాలు, బిడ్డ ఏ రాష్ట్రం తరఫున పోటీ చేయవచ్చో, వయసు నిరూపణకు ఏ పత్రాలు కావాలో మొదటే అడిగి తెలుసుకోవడం అవసరం.

మూడు కొలతలు

కొనుగోలుకు ముందు తేల్చుకోవలసినవి మూడు: కన్ను, పొడవు, బలం.

మొదటిది కన్ను. ప్రతి మనిషికీ ఒక కన్ను రెండవదానికన్నా గురికి అనువుగా ఉంటుంది. రెండు అరచేతులనూ ముందుకు చాచి, వాటి నడుమ చిన్న సందు వదిలి, రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి గోడమీది గడియారాన్ని చూడమనాలి. ఆ తరువాత ఒక్కొక్క కన్నే మూసి చూడాలి. ఏ కన్ను తెరిచి ఉంచినప్పుడు గడియారం కదలకుండా సందులోనే కనబడుతుందో అదే గురి కన్ను. గురి కన్ను కుడిదైతే సాధారణంగా కుడిచేతి విల్లు, ఎడమదైతే ఎడమచేతి విల్లు తీసుకుంటారు. రాసే చేయి ఒకటి, గురి కన్ను మరొకటి అయినప్పుడు నిర్ణయం శిక్షకునికి వదలాలి. కాంపౌండ్ వింటి పిడి ఒక చేతికే మలచి ఉంటుంది. కొన్న తరువాత మార్చడానికి వీలుండదు.

రెండవది డ్రా లెంగ్త్, అంటే నారిని లాగవలసిన పొడవు. మామూలు వింటిని ఎవరికి చాతనైనంత వారు లాగవచ్చు. కాంపౌండ్ విల్లు మాత్రం క్యామ్ నిర్ణయించిన చోట గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. ఆ కొలత పిల్లల చేతులకు సరిపోవాలి. స్థూలంగా తెలుసుకునేందుకు ఒక లెక్క ఉంది: పిల్లలను గోడకు ఆనించి, రెండు చేతులూ బారచాపించి, ఒక మధ్యవేలి కొసనుంచి రెండవ మధ్యవేలి కొసవరకు అంగుళాలలో కొలవాలి. ఆ సంఖ్యను 2.5తో భాగించాలి. బార 60 అంగుళాలైతే డ్రా లెంగ్త్ సుమారు 24 అంగుళాలు. ఇది దారి చూపే లెక్క మాత్రమే; చివరి కొలత శిక్షకుడు వింటితో నిలబెట్టి తీయాలి. కొలత మించితే బిడ్డ వెనక్కి వంగుతుంది, నారి ముంజేతికి కొడుతుంది.

మూడవది డ్రా వెయిట్, అంటే లాగడానికి కావలసిన బలం. దీనిని పౌండ్లలో చెబుతారు. పదీ పన్నెండేళ్ల పిల్లలు 15 నుంచి 25 పౌండ్ల మధ్య, 13 నుంచి 15 ఏళ్లవారు 25 నుంచి 35 పౌండ్ల మధ్య మొదలుపెట్టడం సాధారణంగా చూసేదే. వయసుకన్నా ఒంటి తీరు ముఖ్యం. పిల్లలను కుర్చీలో కూర్చోబెట్టి, విల్లును గురిపలకవైపు సమంగా పట్టించి, మెల్లగా లాగి, నిలిపి, తిరిగి మెల్లగా దింపమనాలి. నారి వదలకూడదు. ఆకాశంవైపు ఎత్తి గుంజినా, నడుము మెలిపెట్టినా, చేతులు వణికినా ఆ బరువు ఎక్కువే. అర్హత పోటీలో 50 మీటర్ల దూరం నుంచి 72 బాణాలు వేయాలి. 40 పౌండ్లు అంటే 18 కిలోలు. 72 సార్లు లాగితే దాదాపు 1,300 కిలోలు. ఒక్కసారి లాగగలగడం వేరు, సాయంత్రం దాకా లాగగలగడం వేరు.

రెండు రకాల ప్యాకేజీలు

తొలి విల్లుగా అమ్మే ప్యాకేజీలు ప్రధానంగా రెండు రకాలు.

మొదటి రకానికి జెనెసిస్ విల్లు మంచి ఉదాహరణ. దీనికి లెట్ ఆఫ్ ఉండదు, నిర్ణీత డ్రా లెంగ్త్ కూడా ఉండదు. 10 నుంచి 20 పౌండ్ల వరకు బిగింపు మార్చుకోవచ్చు. అన్నకు, చెల్లెలికి, పాఠశాలలోని తరగతికంతటికీ ఒకే విల్లు సరిపోతుంది. 2002లో అమెరికాలోని కెంటకీలో మొదలైన పాఠశాలల విలువిద్యా కార్యక్రమంలో ఇదే వాడుతారు. అక్కడ గురి దూరాలు 10, 15 మీటర్లు. చిన్న పిల్లలకు ఇది చక్కని మొదలు. 50 మీటర్ల పోటీకి మాత్రం దీని బలం చాలదు.

రెండవ రకం విస్తృతంగా సర్దుబాటయ్యే విల్లు. డైమండ్ సంస్థవారి ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో ఈ కోవలోనిది: 13 నుంచి 31 అంగుళాల డ్రా లెంగ్త్, 5 నుంచి 70 పౌండ్ల బరువు. మరికొన్ని అమెరికన్, చైనా సంస్థలు కూడా ఇటువంటివి తయారుచేస్తున్నాయి. పెరిగే పిల్లలున్న మధ్యతరగతి కుటుంబానికి సాధారణంగా ఈ రకమే గిట్టుబాటు. ఒకే విల్లును ఏళ్లతరబడి బిడ్డతోపాటు పెంచుకోవచ్చు.

ఈ రకం కొనేటప్పుడు అమ్మకందారును మూడు ప్రశ్నలు అడగాలి. డ్రా లెంగ్త్‌ను అలెన్ కీతో ఇంట్లోనే మార్చవచ్చునా, లేక ప్రతిసారీ బో ప్రెస్ అనే యంత్రం కావాలా? ప్రెస్ ఉన్న దుకాణం నగరంలో లేకపోతే విల్లును పార్సిలులో పంపుతూ ఉండాలి. మార్పుకు వేరే మాడ్యూల్ కొనాలా, పెట్టెలోనే ఉన్నదా? బిడ్డ డ్రా లెంగ్త్ దగ్గర గరిష్ఠ బరువు ఎంత? పెట్టెమీద 70 పౌండ్లని ఉన్నా, పొట్టి డ్రా లెంగ్త్ దగ్గర ఇటువంటి విల్లులలో చాలావాటికి అంత బలం రాదు. అది లోపం కాదు, నిర్మాణ లక్షణం. ముందే తెలిస్తే చాలు.

ఈ సౌలభ్యానికి ఒక మూల్యం ఉన్నది. ప్యాకేజీ విల్లులు ఇరుసునుంచి ఇరుసుకు సుమారు 30 నుంచి 32 అంగుళాలు ఉంటాయి. పోటీ విల్లులు 36 నుంచి 40 అంగుళాలు ఉండి, చేతిలో నిలకడగా నిలుస్తాయి, చిన్న తప్పులను మన్నిస్తాయి. అయినా తొలి రెండు మూడేళ్లలో స్కోరును తగ్గించేది ఎక్కువగా సాధన కొరతే. ఆ దశ దాటిన తరువాత పొడవైన విల్లు గురించి ఆలోచించవచ్చు.

ప్యాకేజీలో ఏమి ఉంటుంది, ఏమి ఉండదు

వేయడానికి సిద్ధం అన్న మాట పెట్టెమీద కనబడినా, అందులో అన్నీ ఉండవు. సాధారణంగా మూడు లేక అయిదు పిన్నుల సైటు, బాణాన్ని నిలిపే ఆరో రెస్ట్, పొట్టి స్టెబిలైజర్, నారిలో అమర్చే పీప్, అమ్ములపొది ఉంటాయి. నారిని వదలడానికి వాడే రిలీజ్ ఎయిడ్, సరైన బాణాలు, ముంజేతి కాపు, పెట్టె చాలాసార్లు విడిగా కొనవలసినవే.

వీటిలో రిలీజ్ ఎయిడ్ మీద పొదుపు పనికిరాదు. మణికట్టుకు కట్టే పట్టీ పిల్లల చేతికి బిగుతుగా అమరాలి. పెద్దల పట్టీని రంధ్రాలు పొడిచి వాడితే లాగేటప్పుడు జారిపోయే ప్రమాదముంది. సైటు, రెస్ట్, స్టెబిలైజర్ మాత్రం ప్యాకేజీలోవే మొదటి ఏడాదికి సరిపోతాయి. భూతద్దం ఉన్న స్కోపు, పొడవైన స్టెబిలైజర్లు స్కోరు పెరిగాక కొనుక్కునే వస్తువులు.

రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్యాకేజీలలో చాలావరకు విదేశాలలో వేటకు ఉద్దేశించినవి కావడంతో ఆకుల మచ్చల కెమఫ్లాజ్ రంగులో వస్తాయి. అంతర్జాతీయ పోటీలలో కెమఫ్లాజ్ దుస్తులను, పరికరాలను అనుమతించరు. నలుపో, నీలమో, ఎరుపో, ఒకే రంగు విల్లు తీసుకుంటే తరువాత ఇబ్బంది ఉండదు. పోటీ నియమాల ప్రకారం గరిష్ఠ బరువు 60 పౌండ్లు దాటకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ప్రకటనలలోని వేగం

సెకనుకు 310 అడుగులు, 320 అడుగులు అని ప్రకటనలలో కనబడే అంకెలు సాధారణంగా 70 పౌండ్ల బరువు, 30 అంగుళాల డ్రా లెంగ్త్, 350 గ్రెయిన్ల బాణంతో కొలిచినవి. 24 అంగుళాలు, 25 పౌండ్లతో వేసే బిడ్డకు ఆ వేగం రాదు. అందువల్ల ఆ అంకె కోసం ఎక్కువ చెల్లించడం వ్యర్థం. దానికి బదులు వింటి బరువు చూడాలి. ప్యాకేజీ విల్లు ఒట్టిగా సుమారు ఒకటిన్నర కిలో ఉంటుంది. సామగ్రి బిగిస్తే ఇంకా పెరుగుతుంది. చాచిన చేత్తో అరనిమిషం వణకకుండా పట్టుకోగలగాలి.

బాణాలలో పొదుపు, ప్రమాదం

బాణం గట్టిదనాన్ని స్పైన్ అనే అంకెతో తెలుపుతారు. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాలపై బాణపు కాడను ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే, అంగుళంలో ఎన్ని వెయ్యోవంతులు వంగుతుందో అదే దాని స్పైన్. కాబట్టి అంకె పెద్దదైతే బాణం మెత్తన, చిన్నదైతే గట్టిది. పిల్లల విల్లుకు 340 స్పైన్ బాణాలు అతి గట్టివి. 600, 700 లేక అంతకు పైబడినవి నప్పుతాయి. తయారీ సంస్థలు ప్రచురించే పట్టికలో డ్రా వెయిట్, బాణం పొడవు చూసి నిర్ణయించాలి.

బాణం మరీ తేలికైనా ప్రమాదమే. ప్రతి పౌండు డ్రా వెయిట్‌కు కనీసం 5 గ్రెయిన్ల బరువు ఉండాలన్నది పరిశ్రమలో స్థిరపడిన లెక్క. 40 పౌండ్ల విల్లుకు బాణం కనీసం 200 గ్రెయిన్లు, అంటే 13 గ్రాములు ఉండాలి. బాణం లేకుండా ఒట్టి నారిని లాగి వదలడం అంతకన్నా హానికరం. బాణానికి చేరవలసిన శక్తి వింటిలోనే చెలరేగి కొమ్ములు పగలవచ్చు, నారి తెగి కంటికి తగలవచ్చు. ఇంటికి వచ్చిన చుట్టాలు సరదాగా లాగి చూసేది ఇలాగే. అందుకే విల్లు పెట్టెకు తాళం ఉండాలి.

మొదట ఒకే కొలతకు చెందిన ఎనిమిది బాణాలు చాలు. పోటీలో ఒక విడతకు వేసేవి ఆరు. మిగిలిన రెండూ విరిగినవాటికి బదులు. ఎదిగే పిల్లలకు బాణాలను కొలతకన్నా ఒక అంగుళం పొడవుగా ఉంచుకోవడం మంచిది. వేసే ముందు ప్రతి కార్బన్ బాణాన్నీ మెల్లగా వంచి, మెలిపెట్టి చూడాలి. చిటపటమన్నా, చీలిక కనబడినా అది చెత్తబుట్టకే.

పాత విల్లు కొనేటప్పుడు

ఒక కుటుంబంలో బిడ్డ ఎదిగి వదిలిన విల్లు మరొక కుటుంబానికి వరం కావచ్చు. శిక్షణ కేంద్రంలోనే ఇటువంటి మార్పిడులు జరిగితే విల్లు చరిత్ర శిక్షకునికి తెలిసి ఉంటుంది. చూడవలసినవి ఇవి: దూదిని కొమ్ముల అంచుల వెంట మెల్లగా రాస్తే ఎక్కడైనా పోగు తగులుకుంటే అక్కడ చీలిక ఉన్నట్లు. క్యామ్ అంచులలో నొక్కులు ఉండరాదు. నారి పీచు లేచినట్లుంటే కొత్త నారి ఖర్చును ధరలో తగ్గించి అడగాలి. అన్ని మాడ్యూళ్లూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. తయారీ సంస్థల హామీ చాలావరకు మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుంది. ఆ మేరకు కూడా ధర తగ్గాలి.

ఒక ఉదాహరణ

పదమూడేళ్ల బాలిక బార 60 అంగుళాలు అనుకుందాం. ఇవాళ ఆమె డ్రా లెంగ్త్ 24. రెండేళ్లలో బార 65 అంగుళాలకు పెరిగితే డ్రా లెంగ్త్ 26 అవుతుంది. 12 నుంచి 24 అంగుళాల పిల్లల విల్లు చౌకగా వచ్చినా ఆరునెలలలో పొట్టి కావచ్చు. 26 అంగుళాల దగ్గర మొదలయ్యే పోటీ విల్లు ఎంత మంచిదైనా ఇవాళ ఆమె చేతికి అందదు. 18 నుంచి 30 అంగుళాలవరకు మారే సాదా ప్యాకేజీ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. ఆమె 25 పౌండ్లతో మొదలుపెట్టి, శిక్షకుడు ఒప్పుకున్నప్పుడల్లా రెండేసి పౌండ్లు పెంచుకోవచ్చు.

ఇక సొమ్ము. ఉన్నదానిని మూడు పాళ్లు చేసి, రెండు పాళ్లకు మించి వింటిమీద పెట్టకపోవడం ఉచితం. మూడవ పాలులో రిలీజ్ ఎయిడ్, బాణాలు, ముంజేతి కాపు, పెట్టె, నారికి రాసే మైనం రావాలి. శిక్షణ రుసుము, పోటీల ప్రయాణం నెలనెలా వేరుగా లెక్కించుకోవాలి. ఈ లెక్కలో విల్లు ధర పొసగకపోతే ఒక మెట్టు తక్కువ విల్లు తీసుకోవాలి. బాణాలను, శిక్షణను తగ్గించకూడదు.

నగరంలో భద్రత, చట్టం

తక్కువ బలమున్న కాంపౌండ్ బాణం కూడా మనిషి ప్రాణం తీయగలదు. మేడమీద, ఉద్యానవనంలో, అపార్టుమెంటు ఆవరణలో, ఖాళీ స్థలంలో సాధన చేయడం ఎంతమాత్రం తగదు. గురిపలక వెనుక మట్టిగట్టో, వలయో, గోడో ఉండి, శిక్షకుడు ఈల వేసి నడిపించే మైదానంలోనే బాణం నారికి తగిలించాలి. బస్సులో, రైలులో విల్లును పెట్టెలో మూసి తీసుకువెళ్లాలి. శిక్షణ కేంద్రం ఇచ్చిన గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవడం మంచిది.

వేటకు వాడే పదునైన రెక్కల ములికులను అడిగినా కొనిపెట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిర్వచించిన ఆయుధాలలో విల్లంబులు కూడా ఉన్నాయి. పిట్టను కొట్టినా, కుందేలును కొట్టినా చిక్కులు తప్పవన్న సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

వింటి పెట్టెలో ఒక కాగితం

విల్లు ఇంటికి వచ్చిన రోజునే ఒక కాగితంమీద తేదీ, బిడ్డ బార, డ్రా లెంగ్త్, డ్రా వెయిట్, బాణాల స్పైన్, పొడవు రాసి పెట్టెలో ఉంచాలి. మూడు నెలలకొకసారి కొలిచి కొత్త వరుస చేర్చాలి. కొమ్ములను బిగించే లింబ్ బోల్టులను ఎన్ని చుట్లు తిప్పినదీ రాయాలి. పైదీ కిందిదీ సమానంగా తిప్పాలి, తయారీదారు చెప్పిన హద్దు దాటి వదులు చేయకూడదు. భుజం నొప్పి అని బిడ్డ చెప్పిన రోజు కూడా ఆ కాగితంమీదికి ఎక్కాలి. బరువు ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో, కొత్త విల్లు నిజంగా ఎప్పుడు అవసరమో చెప్పడానికి ఏ దుకాణదారుని మాటకన్నా ఆ కాగితమే నమ్మదగినది.